పాయింటు పెంచాక



ఈ పూట పేకాట గురించి మాట్లాడతాను. ఆడమని కాదు. ఆడొద్దని ఉపన్యాసమూ కాదు, ఆ పని చేసేవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు, దానికి రేడియో దాకా రానక్కర్లేదు. చిన్న పందెంతో కొన్నాళ్లు ఆడి, చెయ్యి తిరిగిందనుకుని, పెద్ద పందెం టేబుల్ దగ్గర కూర్చుని డబ్బు పోగొట్టుకున్న మనిషి గురించే నా మాటలు. అతని జేబు సంగతి అలా ఉంచండి. అతని మనసు ఏమవుతుంది, దాన్ని అతను ఎలా నిలబెట్టుకుంటాడు అన్నది నా విషయం.

ముందు చట్టం మాట చెప్పేస్తాను. ఆంధ్రప్రదేశ్‌లో డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో రమ్మీ, పోకర్ ఆడటాన్ని 2020 సెప్టెంబరులో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరిస్తూ తెచ్చిన ఆర్డినెన్సుతో నిషేధించారు. తెలంగాణ ఆ పని 2017లోనే చేసింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతటా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిర్వహించడాన్నే నేరం చేసింది. మరి ఈ మాటలు ఎవరికి? విశాఖ నుంచి ఓడలెక్కి దేశాలు తిరిగే కుర్రాళ్లున్నారు. సెలవుల్లో గోవా వెళ్లి నది మీద ఆగి ఉన్న కాసినో ఓడల్లో కూర్చునేవాళ్లున్నారు. అమెరికాలో ఉద్యోగం చేస్తూ వారాంతం లాస్ వేగస్ దారి పట్టే మన పిల్లలున్నారు. వీళ్లందరికంటే ముఖ్యంగా, యాప్ మూతపడినా అందులో పోయిన డబ్బు మీద బాధ మూతపడనివాళ్లున్నారు. చట్టం టేబుల్ ఎత్తేయగలదు, ఆ టేబుల్ దగ్గర మనిషి తన గురించి తాను ఏర్పరచుకున్న అభిప్రాయాన్ని ఎత్తేయలేదు.

అసలు పెద్ద టేబుల్ అంటే ఏమిటి? మన రమ్మీలోనే చూడండి. పదమూడు ముక్కలాటలో ఫుల్ కౌంట్ 80 పాయింట్లు. ముక్కలు చూసుకుని మొదట్లోనే దిగిపోతే 20, మధ్యలో దిగితే 40. పాయింటు అర్ధరూపాయి అయితే ఎంత ఘోరంగా ఓడినా ఆటకి పోయేది 40 రూపాయలు. టిఫిన్ ఖర్చు. పాయింటు ఐదు రూపాయలైతే అదే ఓటమి 400. ఇరవై అయితే 1,600. ముక్కలు అవే, జోకర్ అదే, సీక్వెన్సు కట్టే పద్ధతీ అదే. మారింది ఒక్క గుణకారం. పోకర్‌లోనూ ఇంతే. బ్లైండ్లు, అంటే ముక్కలు చూడకముందే పెట్టే తప్పనిసరి పందాలు, పది–ఇరవై ఉన్న టేబుల్ దగ్గర రెండు వేలతో కూర్చునేవాడు, యాభై–వంద టేబుల్ దగ్గర పది వేలతో కూర్చుంటాడు.

కాగితం మీద గుణకారమే. కానీ చెయ్యి అలా అనుకోదు. అర్ధరూపాయి టేబుల్ దగ్గర ముక్కలు బాగా లేకపోతే పది రూపాయలు అక్కడ పడేసి దిగిపోయేవాడు, ఇరవై రూపాయల పాయింటు దగ్గర నాలుగు వందలు ఇచ్చి దిగాలంటే దిగలేడు. ‘ఒక్క ముక్క చూద్దాం’ అంటాడు. ఆ ఒక్కటీ రెండవుతుంది, నాలుగవుతుంది. ఈలోగా ఎదుటివాడు షో పెట్టేస్తాడు. నాలుగు వందలతో పోవాల్సింది పదహారు వందలతో పోతుంది. ఇక్కడ ఆట తెలియక ఓడిపోలేదు. తెలిసిన ఆటే, డబ్బు కళ్ల ముందు అడ్డం పడి ఆడనివ్వలేదు. పాయింట్లు లెక్కపెట్టాల్సిన మనిషి బియ్యం బస్తాలు, పిల్లాడి ఫీజు, గ్యాసు బండ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ అని ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లో ఒక సిద్ధాంతం ప్రచురించారు. కానెమన్‌కి 2002లో అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది, ట్వెర్‌స్కీ అప్పటికే చనిపోయారు. వాళ్ల లెక్కలో, వెయ్యి రూపాయలు వచ్చిన సంతోషం కంటే వెయ్యి పోయిన బాధ సుమారు రెండింతలు. ఇది చాలామంది విన్నదే. దాని పక్కనే ఉన్న రెండో సంగతి తక్కువమంది పట్టించుకుంటారు, నా మటుకు అదే అసలు సంగతి. లాభంలో ఉన్న మనిషి జాగ్రత్తపరుడు, నష్టంలో ఉన్న మనిషి తెగించేవాడు. పోయిందాన్ని పోయిందని ఒప్పుకోనివాడు, మామూలప్పుడు ముట్టుకోని పందాన్ని కూడా ముట్టుకుంటాడు. మనవాళ్లు పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలంటారు. ఉంగరం జారిపోతే మంచి సలహాయే. పేక టేబుల్ దగ్గర మాత్రం ఇంతకంటే ఖరీదైన మాట మన భాషలో ఇంకొకటి ఉండదు.

ఇప్పుడు లెక్క కొంచెం ఓపిగ్గా వినాలి. పోకర్ బాగా వచ్చిన ఆటగాణ్ని ఒకణ్ని ఊహించుకోండి. వంద ఆటలకి సగటున ఐదు పెద్ద బ్లైండ్లు మిగుల్చుకునేవాడు. నిజంగా మంచి ఆటగాడే. అయితే వంద ఆటలకి అదృష్టం అటూ ఇటూ ఊపే ఊపు తొంభై బ్లైండ్ల దాకా ఉంటుంది. ఇతను పదివేల ఆటలు ఆడాడనుకుందాం. అతనికి రావలసింది ఐదు వందల బ్లైండ్లు, ఊపు తొమ్మిది వందలు. అంటే ఇంత ఆడాక కూడా అతను నష్టంలో ఉండే అవకాశం నూటికి ఇరవై తొమ్మిది పాళ్లు. నేరుగా టేబుల్ దగ్గర కూర్చుంటే గంటకి ముప్పై ఆటలు సాగుతాయి. పదివేలంటే మూడు వందల ముప్పై గంటలు. వారానికో రాత్రి ఐదు గంటలు ఆడేవాడికి ఏడాది దాటుతుంది. మంచి ఆటగాడు ఏడాదంతా తప్పు లేకుండా ఆడి కూడా నష్టంలో తేలవచ్చు. ఇక పై టేబుల్ దగ్గరికి వెళితే ఎదురుగా కూర్చునేవాళ్లు కింది మెట్లన్నీ ఎక్కి వచ్చినవాళ్లు. అక్కడ అతని ఐదు బ్లైండ్ల మిగులు రెండుకి పడిపోయిందనుకోండి, నష్టంలో ఉండే అవకాశం నూటికి నలభై దాటుతుంది. ఇదంతా బాగా ఆడేవాడి లెక్క. నిర్వాహకుడి వాటా పోను మిగులు అసలే లేనివాడికి, అంటే టేబుల్ చుట్టూ ఉన్నవాళ్లలో ఎక్కువమందికి, కాలం గడిచేకొద్దీ నష్టం తప్పదు.

ఈ లెక్క తెలిస్తే బాధ పోతుందా? పోదు. ఎందుకంటే ఇక్కడ బాధ పూర్తిగా డబ్బుది కాదు.

‘లోపల బయట’ లాంటి అదృష్టం ఆట ఆడి ఓడినవాణ్ని చూడండి. అదృష్టాన్ని నాలుగు తిట్లు తిట్టి లేచిపోతాడు. రమ్మీలో, పోకర్‌లో ఓడినవాడు తనను తాను తిట్టుకుంటాడు. దీని వెనక సికింద్రాబాదులో మొదలైన ఒక కథ ఉంది. అక్కడి క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు అనే చోట రమ్మీ ఆడుతున్నవాళ్ల మీద కేసు పెడితే అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1967 నవంబరులో తీర్పొచ్చింది. మూడు ముక్కలాటలా రమ్మీ పూర్తిగా అదృష్టం ఆట కాదని, పడిన ముక్కలు గుర్తుంచుకోవాలని, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలని, కాబట్టి ప్రధానంగా నైపుణ్యం ఆటేనని కోర్టు అంది. అదే తీర్పులో, క్లబ్బు ఆ ఆట మీద లాభం గుంజుకుంటే సంగతి వేరని కూడా ఉంది. ఆ రెండో ముక్కని అందరూ సౌకర్యంగా మరిచిపోయారు. తరవాత వచ్చిన యాప్‌ల ప్రకటనలన్నీ మొదటి ముక్క మీదే బతికాయి. వాటిలో గెలిచేవాడు ఎప్పుడూ తెలివైనవాడే.

తీర్పు తప్పని నేననను. ఆటలో నైపుణ్యం ఉంది. కానీ ఆ మాట ఆటగాడి మనసులోకి వెళ్లి ఇంకో పని చేస్తుంది. చిన్న టేబుల్ దగ్గర గెలిచిన ప్రతి రూపాయినీ అతను తన తెలివికి వచ్చిన జీతం అనుకుంటాడు. ఆ లెక్కన పెద్ద టేబుల్ దగ్గర పోయిన ప్రతి రూపాయీ తన తెలివితక్కువకి పడిన జరిమానా అవుతుంది. ఇక వాడు డబ్బు తిరిగి తెచ్చుకోవడానికి ఆడడు, పోయిన పరువు తెచ్చుకోవడానికి ఆడతాడు. డబ్బుకి ఒక హద్దుంటుంది, ఖాతా అయిపోతే అయిపోతుంది. పరువుకి ఆ సౌకర్యం లేదు. అందుకే చీటీ పాడిన డబ్బు వస్తుంది, పీఎఫ్ మీద అప్పు వస్తుంది, ఇంట్లో గాజులు వస్తాయి.

మర్నాడు గాజువాకలోనో కూర్మన్నపాలెంలోనో టీ కొట్టు దగ్గర పలకరింపు ఇలా ఉంటుంది. ‘ఏటి బావా, అలాగున్నావు?’ ‘ఏటీ లేదు బావా, సీ షిఫ్టు కదా, నిద్ర లేదంతే.’ రాత్రి పదింటి నుంచి పొద్దున్న ఆరు దాకా ఉండే ఆ షిఫ్టు మీద ఇలాంటి అబద్ధాలు ఎన్ని పడ్డాయో! నిద్ర లేదన్నది మాత్రం నిజమే అయ్యుంటుంది. డబ్బు పోయిన ఆటలన్నీ కళ్లు మూసుకుంటే మళ్లీ తిరుగుతాయి.

ఈ సంగతి మన భారతానికి బాగా తెలుసు. ధర్మరాజు సభలో ఓడిన కథ అందరికీ వచ్చు. మణులతో మొదలై రథాలు, ఏనుగులు, రాజ్యం, తమ్ముళ్లు, తాను, చివరికి ద్రౌపది. పాయింటు పెంచుకుంటూ పోవడమే కదా అది! మధ్యలో ఒక్కసారి కూడా ఆయన పందెం తగ్గించలేదు. అయితే నాకు ఆ ఘట్టం కంటే తరవాతది ముఖ్యం. అరణ్యంలో ఆయన్ని తొలిచేది రాజ్యం పోవడం ఒక్కటే కాదు. బృహదశ్వుడనే ముని వస్తే, నాకంటే దురదృష్టవంతుడైన రాజు ఎవడైనా ఉన్నాడా అని అడుగుతాడు. ఓడిన ప్రతివాడూ అడిగే ప్రశ్నే. ముని ఆయనకి ఊరుకోమనీ చెప్పలేదు, తప్పు నీదే అని గుచ్చనూ లేదు. నలుడి కథ చెప్పాడు. నన్నయ్య తెనిగించిన భాగంలోనే ఉంది అది.

నలుడు ఓడింది ఎవరి చేతిలో? సొంత తమ్ముడు పుష్కరుడి చేతిలో. పేకాట పేకాటే, తమ్ముడు తమ్ముడే అన్న మాట పుష్కరుడికి బాగా ఒంటపట్టినట్టుంది, అన్నని కట్టుబట్టలతో పంపాడు. భార్యని అడవిలో వదిలేసి, రూపం మారి, బాహుకుడనే పేరుతో అయోధ్యలో ఋతుపర్ణుడి దగ్గర గుర్రాలు తోలే పనిలో చేరాడు నలుడు. సాయంత్రమయ్యేసరికి రోజూ ఒకే శ్లోకం చెప్పుకునేవాడట, ఎక్కడో ఆకలితో అలసి పడుకున్న ఆమె గురించి. తోటి పనివాడు ఎవరామె అంటే, ఎవడో మందబుద్ధి కథ అని దాటేశాడు. సీ షిఫ్టు, నిద్ర లేదు అన్నట్టే.

ఒకరోజు ఋతుపర్ణుణ్ని విదర్భకి తీసుకెళుతుంటే దారిలో ఒక తాండ్ర చెట్టు కనబడింది. ఆ కాలపు పాచికలు ఆ చెట్టు కాయలే. రాజు చెట్టు వంక చూసి, ఫలానా రెండు కొమ్మల మీద 2,095 కాయలున్నాయన్నాడు. నలుడు నమ్మలేదు. రథం ఆపి, చెట్టు కొట్టి, కాయలు లెక్కపెట్టాడు. సరిగ్గా అన్నే. అప్పుడు రాజు తన దగ్గరున్న అక్షహృదయమనే విద్యని, పాచికల గుట్టుని, అతనికిచ్చాడు. బదులుగా నలుడు గుర్రాల విద్య ఇస్తానన్నాడు. ఆ లెక్కల విద్య ఒంటబట్టగానే అన్నాళ్లూ నలుణ్ని పట్టి లోపల కూర్చున్న కలిపురుషుడు విషం కక్కుకుంటూ బయటికొచ్చేశాడు.

ఈ ఘట్టం గురించి సంభావ్యత శాస్త్రం చరిత్ర రాసినవాళ్లు కూడా ప్రస్తావించారు. నాకు నచ్చేది వేరే. కలిని వదిలించింది పూజ కాదు, శపథం కాదు, మళ్లీ ఆడి గెలవడం అంతకన్నా కాదు. లెక్క. ఊహకందని పెద్ద సంఖ్యని చూసి బెదిరిపోకుండా, కిందికి దిగి కాయ కాయా లెక్కపెట్టడం. చివర్లో నలుడు పుష్కరుడితో మళ్లీ ఆడి గెలుస్తాడు, నిజమే. జూదగాళ్లకి ఈ కథలో గుర్తుండేది ఆ ఒక్క ఆటే. మధ్యలో గుర్రాలు తోలిన కాలమంతా వాళ్లకి పట్టదు. ఇక ధర్మరాజు కూడా బృహదశ్వుడి దగ్గర ఆ విద్య నేర్చుకున్నాడు. తరవాత విరాటుడి కొలువులో కంకుభట్టుగా ఉన్నప్పుడు, కొడుకు గెలిచాడన్న సంబరంలో రాజు పాచికలు తెమ్మంటే, ఆనందంతో పొంగిపోతున్నవాడితో ఆడకూడదని విన్నానంటాడు. కోపంతో ఆడటమే ప్రమాదమని మనమనుకుంటాం. పొంగు కూడా అంతే ప్రమాదమని ఆయనకి తెలుసు. చిన్న టేబుల్ దగ్గర వరసగా గెలిచిన వారమే కదా ఎవడైనా పెద్ద టేబుల్‌కి వెళ్లేది!

మరి ఓడినవాడు ఏం చెయ్యాలి? మొదటి మాట, ఆ రాత్రి ఏ నిర్ణయమూ తీసుకోకూడదు. మళ్లీ ఆడాలనీ కాదు, జన్మలో ముట్టననీ కాదు. రెండూ ఒకే వేడిలో పుట్టిన మాటలు, తెల్లారితే రెండూ నిలవవు. తెల్లారాక ఒక కాగితం మీద పోయిన మొత్తం ఎంతో రాయాలి. సుమారుగా కాదు, రూపాయితో సహా. మనసులో ఉన్న నష్టానికి అంచులుండవు, కాగితం మీద రాసినదానికి ఉంటాయి. ఆ అంకె ఇంట్లో ఒక మనిషికి చెప్పాలి. ఇది కష్టం. భార్యకి చెబితే గొడవవుతుంది, కొన్నాళ్లు నడుస్తుంది. దాచితే నడిచేది గొడవ కాదు, అప్పు. విన్నవాళ్లకీ ఒక మాట చెప్పాలి. ఆ అంకె విన్న నిమిషంలో ‘నేను ముందే చెప్పాను’ అనే మాట నోటి దాకా వస్తుంది. అది ఒక్కటి మింగితే చాలు. ఆ మాట వింటే ఓడినవాడు రెండోసారి నిజం చెప్పడం మానేస్తాడు.

చట్టం ఒప్పుకున్న చోట ఆట కొనసాగించేవాడికి ఇంకో మాట. మన విశాఖ రేవులోకి వచ్చే ఏ ఓడైనా ఎంత లోతు మునుగుతుంది, దాని అడుగున ఇంకెంత నీరు మిగలాలి అన్నది ముందే లెక్క తేలాలి. ఆ లెక్క కుదరకపోతే ఎంత ధైర్యమున్న పైలట్ అయినా డాల్ఫిన్ నోస్ పక్క కాలవలోంచి దాన్ని లోపలికి తేలేడు. 1933లో తెరిచిన లోపలి హార్బరు ఖనిజం మోసే భారీ ఓడలకి చాలకపోతే, వాటిని అందులో ఇరికించలేదు, 1970లలో బయటి హార్బరు కట్టారు. పందెం పెంచేవాడికి ఆ నీరు ఏమిటంటే, ఆట కోసమే విడిగా పెట్టిన, మొత్తం పోయినా ఇంట్లో పొయ్యి ఆగని డబ్బు. పోకర్ ఆడేవాళ్లలో నెమ్మదస్తులు కనీసం ఇరవై, ముప్పై సార్లు కూర్చునేంత డబ్బు లేకుండా ఆ టేబుల్ దగ్గరికి వెళ్లరు. అందులో ఎంత తగ్గితే కింది టేబుల్‌కి దిగిపోవాలో కూడా పైకి వెళ్లే రోజునే రాసుకుంటారు. నష్టంలో ఉన్న మనిషి రాసుకున్న హద్దు హద్దు కాదు. అతనికి ఆ పూట కలం ఇవ్వకూడదు.

అసలు దిగడమే ఎవరికీ చేతకాదు. ‘ఏరా, మళ్లీ అర్ధరూపాయి బేచ్‌లోకి వచ్చేశావా’ అనేవాడు ఒకడుంటాడు. ఆ మాటకి భయపడి పైనే కూర్చుని మునిగినవాళ్లు, ఆట రాక మునిగినవాళ్ల కంటే ఎక్కువే ఉంటారని నా అనుమానం. ముక్కలు బాగాలేనప్పుడు ఇరవై పాయింట్లిచ్చి దిగేవాణ్ని మంచి ఆటగాడంటాం. టేబుల్ దిగేవాణ్ని మాత్రం పిరికివాడంటాం. ఈ రెండూ ఒకే తెలివి. రెండోదానికి గుండె కొంచెం ఎక్కువ కావాలి.

ఇంత చెప్పాక, ఈ మాటలేవీ పనిచెయ్యని మనుషుల గురించి కూడా చెప్పాలి. హద్దు రాసుకుంటారు, దాటతారు. ఒట్టు పెడతారు, తప్పుతారు. పందెం పెంచితే తప్ప ఆటలో రుచి ఉండదు. ఆపితే చిరాకు, చేతులాడవు. అప్పు మీద అప్పు, అబద్ధం మీద అబద్ధం. దీన్ని చెడ్డ బుద్ధి అనుకోవడం మన అలవాటు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితాలో ఇది మద్యం, మత్తు వ్యసనాల పక్కనే ఉంది. దానికి వైద్యం ఉంది. మన ఊళ్లోనే వాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. అక్కడికి వెళ్లడానికి మొహమాటపడేవాళ్లకి టెలీ మానస్ ఉంది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన ఉచిత ఫోన్ సేవ, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. పోయిన డబ్బు తలచుకుని బతకడం దండగ అనే ఆలోచన ఎవరికైనా వస్తే మాత్రం తెల్లారే దాకా ఆగకుండా అప్పుడే చెయ్యాల్సిన ఫోన్ అది. ఆడిన మనిషే చెయ్యనక్కర్లేదు, అతని గురించి భార్య చెయ్యొచ్చు, తల్లి చెయ్యొచ్చు, పక్క బెర్తులో పనిచేసే స్నేహితుడు చెయ్యొచ్చు. నంబరు 14416. కాగితం తెచ్చుకున్నవాళ్ల కోసం మళ్లీ చెబుతున్నాను: ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు.